చెలమ పూడ్చిన సముద్రమ్మ

మొన్న రాయచోటికి పోదామని కడప బస్టాండులో కూర్చుని ఉన్నాను. బస్సు ఎప్పుడొస్తుందో డ్రైవరుకే తెలియాలి. నా పక్కకు ఒకామె వచ్చింది. బల్ల మీద కూర్చునే ముందు, నిలబడే ఒక పాదాన్ని రెండో పాదంతో రుద్దుకుంది. తర్వాత రెండోదాన్ని మొదటిదానితో. కాళ్ళకు అంటిన ఇసుక దులుపుకునే పద్ధతి అది. కడప బస్టాండులో ఇసుక ఎక్కడిది? ఉన్నదంతా దుమ్మూ, వేరుశనగ పొట్టూ.

ఆ రుద్దుకోవడం చూడగానే నాకు ఒళ్ళు భగ్గుమంది. అలా కాళ్ళు రుద్దుకునే మనిషిని నా బతుకులో ఒక్కదాన్నే చూశాను.

"మీది సముద్రం ఒడ్డు ఊరా?" అని అడిగేశాను.

"ఆయ్, కాకినాడ పక్కనేనండీ. మా ఆయనకి ఇక్కడికి బదిలీ అయింది. ఎలా కనిపెట్టారండీ?" అని ఆమె ఆశ్చర్యపోయింది. పేట పేరు కూడా చెప్పింది. నేను చూసిన ఆ మనిషిదీ అదే పేట. ఇక ఉండబట్టలేక, కర్నూలులో మా ఇంట్లో అద్దెకున్నామె పేరు చెప్పి, తెలుసా అన్నాను.

"ఆవిడా! తెలియకపోవడమేంటండీ. పోయారు కదండీ పాపం. పోయిన వానల్లో జ్వరమొచ్చి, ఇట్టే పోయారు."

దుఃఖం తర్వాత వచ్చింది. ముందు వచ్చింది కోపం. మా అత్తను నా దగ్గర నుంచి లాక్కున్న మనిషి, ఆ లెక్క తేలకుండానే చల్లగా పోయిందే అని.

నాకు తల్లి తెలియదు. ఊహ రాకముందే పోయింది. రాయచోటిలో మేనత్తల చీవాట్ల మధ్య పెరిగి, కర్నూలులో ఈ ఇంటికి కోడలిగా వచ్చాను. మా ఆయన ఓర్వకల్లు దగ్గర సేద్యం చూసుకుంటూ వారానికొకసారి వచ్చేవారు. ఇంట్లో మిగిలింది నేనూ, మా అత్తా. మా అత్త మాటల మనిషి కాదు. ఏటా ఎండాకాలంలో మాత్రం, హంద్రి ఏరు ఎండిపోయినప్పుడు, తెల్లవారుతూనే నన్ను లేపి ఏటికి తీసుకుపోయేది, సాయంత్రం మళ్ళీ పోయేవాళ్ళం. ఇసుకలో మోకాటి లోతు తవ్వితే నీళ్ళు ఊరుతాయి. దాన్నే చెలమ అంటాం. ఆమె తవ్వేది, నేను కొబ్బరి చిప్పతో తోడేదాన్ని. మొదట వచ్చే బురదనీళ్ళు పారబోసి, తేటనీళ్ళు ఊరేదాకా ఇద్దరం గట్టున కూర్చునేవాళ్ళం. అప్పుడు మా అత్త నా జడ విప్పి మళ్ళీ అల్లేది. ఆ కాసేపూ ఆమె నా ఒక్కదానిది. నా పుట్టింటి కరువు అంతా అక్కడే తీరేది.

ఇంతలో కర్నూలు రాజధాని అయింది. ఊరు చాలక ఆఫీసులకే గుడారాలు వేశారు. కోస్తా నుంచి గుమాస్తాలు సంసారాలతో దిగారు. వసారాకు తడిక అడ్డం కట్టి కూడా అద్దెకిచ్చారు జనం. మా గొడ్ల కొట్టం తీసి కట్టిన రెండు గదుల్లో ఒక గుమాస్తా, ఆయన భార్యా దిగారు. ఆ భార్యే ఈ పోయినామె.

గడపలో అడుగు పెట్టే ముందు కాళ్ళు రుద్దుకుంది. అది మొదటి వింత. రెండోది ఆమె గొంతు. పక్కనే కూర్చున్న మనిషితో కూడా అవతలి గట్టున ఉన్నవాళ్ళను పిలిచినట్టు మాట్లాడేది. "అలల హోరు మీద మాట్లాడి మాట్లాడి ఇలా అయిపోయిందండీ నా గొంతు" అని తానే నవ్వేది. మూడోది రాయి. ఏది ఎండబెట్టినా, ఏది పెట్టినా దాని మీద ఒక రాయి పెట్టేది. చీర మీద రాయి, విస్తరాకుల మీద రాయి, వడియాల గుడ్డ నాలుగు మూలలా రాళ్ళు. కర్నూలు ఎండాకాలంలో ఆకు కదలదు. అయినా రాయి పెట్టేది. పెరట్లో నడిచినప్పుడల్లా నా కాలికి ఆమె రాయి ఏదో ఒకటి తగిలేది.

ఇంకొకటుంది, చెబితే నమ్మరు. పొద్దున్నే వాకిట్లో నిలబడి తన ముంజేతిని నాలుకకు అంటించి చూసుకునేది. "ఉప్పు లేదండీ ఈ గాలిలో" అని దిగులుగా లోపలికి పోయేది.

నాకన్నా నాలుగైదేళ్ళు పెద్దదే. అయినా నన్ను "అక్కాయ్" అనేది. మా అత్తను మాత్రం వచ్చిన రోజు నుంచే "అత్తయ్యగారూ" అంది. ఎవరి అత్త? ఎవరికి అత్త? మా వైపు అయితే ఇంటి యజమానురాలిని "అమ్మా" అంటారు, "అవ్వా" అంటారు. వరస కలుపుకోవడానికి ఈమెకు నా వరసే దొరికింది. మా అత్త కూడా ఊరుకుంది. ఊరుకోవడమేమిటి, ఆమెకు తనే పేరు పెట్టింది. "ఏమ్మే సముద్రమ్మా!" అని పిలిచేది. వారం తిరిగేసరికి వీధి వీధంతా ఆమెను అలాగే పిలిచింది.

ఆ పేట నేను చూడలేదు. కానీ కళ్ళు మూసుకుని నడిచిపోగలను. అంతగా చెప్పింది. పట్నం అయిపోయి రైలు పట్టాలు దాటితే ఇసుక వీధులు మొదలవుతాయట. ఒక వైపు రేవు ఆఫీసుల్లో పనిచేసేవాళ్ళ పెంకుటిళ్ళు, ఇంకో వైపు జాలర్ల తాటాకు పాకలు. మధ్యలో ఒక చర్చి, ఒక రాములవారి కోవెల, ఒక కాఫీ హోటలు. తలుపు గొళ్ళేలు తుప్పు పట్టి ఊడిపోతాయట. జాడీలో ఉప్పు నీరైపోతుందట. సాయంత్రం గాలి తిరగగానే గుమాస్తాల భార్యలూ, జాలరి ఆడవాళ్ళూ, చర్చి బడి పంతులమ్మా అందరూ ఇసుకలోకి వచ్చి కూర్చుంటారట. ఎవరింట్లో ఏ కూరో, ఎవరికి నొప్పులొస్తున్నాయో, ఎవరి మొగుడు తాగి వచ్చాడో అంతా అక్కడే తేలుతుందట. ఇంత చిన్న పేటకు అంత పెద్ద గొప్పా అని నాకు గొంతు దాకా వచ్చేది.

మా అత్త జొన్నలు చెరుగుతూ చాట ఆపి వినేది. నేను చెప్పినప్పుడు ఆమె చాట ఎప్పుడూ ఆగలేదు. ఒకరోజు నేను కూడా పౌరుషానికి పోయి, "మా రాయచోటిలో గొర్రెల సంత ఉంటాది అత్తా, దుమ్ము లేస్తే మనిషికి మనిషి అగుపడడు" అని మొదలుపెట్టాను.

"చెప్పినావులేమ్మే," అంది మా అత్త. "ఏమ్మే సముద్రమ్మా, పడవలు రాకపోతే ఏం చేస్తారంటివి?"

గొర్రెలు సముద్రంతో ఎక్కడ పోటీ పడతాయి?

పడవల సంగతి అప్పుడే చెప్పింది ఆమె. వేటకు పోయిన పడవలు ఒడ్డుకు చేరేదాకా పేటలో ఎవరూ పొయ్యి వెలిగించరట. మొగుడు సముద్రం మీద ఉన్న ఇంట్లోనే కాదు, ఆఫీసులో కలం పట్టుకునేవాడి ఇంట్లో కూడా.

"అందురూనా?" అంది మా అత్త.

"ఆయ్, అందరూనండీ. ఒకళ్ళు ఏడుస్తూ ఎదురుచూస్తుంటే పక్కింట్లో తాళింపు వాసన వస్తే బాగుంటుందా అత్తయ్యగారూ?"

మా అత్త చాట కింద పెట్టింది. తర్వాత, ఎవరితోనో కాదు, ఆమెతోనే చెప్పింది. "మా ఆయన కరువు కాలంలో గొడ్లను తోలుకోని నల్లమలకు పాయ. ఈ పొద్దు వస్తాడు, రేపొస్తాడు అని నేను వాకిట్లో కూసోనుంటి. అందరిండ్లల్లో తిరగబాత వాసనే. ఒక్కరు గూడా ఈడికి వచ్చి కూసోలేదు. ఆయన రాలేదు. జొరమొచ్చి ఆ అడవిలోనే పాయ. మీ పేటలో ఉండింటే రోంత నయంగా ఉండునేమో."

సముద్రమ్మ గొంతు మొదటిసారి తగ్గింది. "అయ్యో అత్తయ్యగారూ" అంటూ మా అత్త చేయి పట్టుకుని కూర్చుంది.

నేను వంటింటి గడప మీద నిలబడి ఉన్నాను. మామ అడవిలో పోయాడని నాకు తెలుసు. వాకిట్లో ఒంటరిగా కూర్చున్న సంగతి తెలియదు. నా జడ అన్నిసార్లు అల్లిన మనిషి ఆ మాట నాకెందుకు చెప్పలేదు? నేను అడగలేదు కాబట్టా? సముద్రమ్మకైనా అడిగే తీరిక ఎక్కడుంది, ఎప్పుడూ తన పేట గోలే కదా! ఆ పూట పప్పులో ఉప్పు వేయడం మరిచిపోయాను. మా అత్త గమనించనేలేదు, తినేసి లేచింది.

ఎండాకాలం వచ్చింది. హంద్రి ఎండింది. ఇక చెలమ, నేను, మా అత్త అని లోపల లోపలే పొంగిపోతున్నాను. ఆ సాయంత్రం తవ్వుదామని బయలుదేరుతుంటే మా అత్త గోడ దగ్గర ఆగి కేక వేసింది.

"ఏమ్మే సముద్రమ్మా, నువ్వు గూడా రా. ఇసక జూసి ఎన్నాళ్ళాయనో!"

వచ్చింది. ఏటి ఇసుకలో కాలు పెట్టగానే కాళ్ళలోని మట్టెలు మెరిసేటట్టు చిన్నపిల్లలా నాలుగడుగులు పరిగెత్తింది. తర్వాత ఎండిన ఏటికి ఎదురుగా, అక్కడ నీళ్ళున్నట్టే, మఠం వేసుకుని కూర్చుంది. కొంగు మీద ఒక రాయి పెట్టుకుంది. ఆమె గొంతుకు నీళ్ళకొచ్చిన ఆడవాళ్ళందరూ తలతిప్పారు. కాసేపటికి కుండలు పక్కన పెట్టి ఆమె చుట్టూ కూర్చున్నారు. సాయిబుల ఇంటి బీబమ్మ కూడా వచ్చి కూర్చుంది. నీళ్ళు తెచ్చుకునే చోటు కబుర్ల చోటైపోయింది. నేనొక్కదాన్నే చెలమ దగ్గర వంగి తోడుతున్నాను.

కుండలు నిండాక మా అత్త చెలమ మీద తంగేడు కొమ్మ ఒకటి అడ్డంగా పెట్టింది. మా దగ్గర అది పద్ధతి. కొమ్మ ఉందంటే ఈ చెలమ ఎవరిదో ఒకరిది, ముట్టకూడదని అర్థం. రాత్రంతా ఊరి, తెల్లారేసరికి తేటనీళ్ళు సిద్ధంగా ఉంటాయి. మేము ముందు నడిచాం. సముద్రమ్మ ఎందుకో వెనకబడింది. నేను వెనక్కి చూడలేదు.

తెల్లారి పోయి చూస్తే చెలమ లేదు. అరచేతితో సాపు చేసినట్టు ఇసుక చదునుగా ఉంది. తంగేడు కొమ్మ ఒక పక్కన పెట్టి ఉంది. దాని మీద ఒక రాయి.

ఆ రాయి చూసి నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు. చెలమ పూడ్చడమంటే మా దగ్గర ఆట కాదు. పగవాళ్ళు కూడా ఆ పని చేయరు. చెలమ పూడ్చారని కత్తులు దూసుకున్న ఊళ్ళున్నాయి. పైగా ఆ చెలమ మా అత్తది. ఇవాళతో ఈ సముద్రం పీడ వదిలిందనుకున్నాను. మా అత్త పక్కన కొత్తగా తవ్వి, బురదనీళ్ళే సగం కుండ నింపుకుని ఇంటికొచ్చింది. నేను వెనకే, ఇప్పుడు చూడాలి తమాషా అనుకుంటూ నడిచాను.

"ఏమ్మే సముద్రమ్మా, చెలమ పూడ్చినది నువ్వేనా?"

"ఆయ్, నేనేనండీ!" అంది ఆమె, మెచ్చుకుంటారని ఎదురుచూస్తున్నట్టు. "మీరు మర్చిపోయి వచ్చేశారు కదండీ. మా పేటలో ఇసుకలో ఎవరు తవ్వితే వాళ్ళు పూడ్చే లేవాలండీ. పిల్లలు ఆటకి తవ్వినా సరే. చీకట్లో పడవ భుజాల మీద పెట్టుకుని పరిగెత్తుకొస్తారు కదా, గుంటలో కాలు పడితే విరిగిపోద్ది. అందుకని నేనే వెనక్కెళ్ళి సాపు చేసొచ్చానండీ."

మా అత్త ఆమె వైపు చూసింది. తర్వాత నవ్వింది. నేను ఆ ఇంట్లో ఎన్నడూ వినని నవ్వు. కుండ దించి, గోడ పట్టుకుని, కళ్ళ నీళ్ళు కారేలా నవ్వింది.

"ఓయమ్మా! హంద్రిలో పడవ మోసుకోని ఎవురొస్తారే తల్లీ!"

సంగతి తెలిశాక సముద్రమ్మ నోటి మీద చేయి పెట్టుకుని ఏడుపు మొదలుపెట్టింది. "ఏడ్చొద్దులేమ్మే," అంది మా అత్త. "ఎవురో కాలు ఇరగ్గొట్టుకుంటారని పూడ్చితివి. దానికేముండాది. దా, ఇద్దరం పోయి బాగా తవ్వుకొని వద్దాం. చిప్ప తీసుకో."

ఇద్దరం అన్నది వాళ్ళిద్దరి గురించి. చిప్ప నా చేతిలో ఉంది. మా అత్త నా చేతిలోంచి తీసుకుని ఆమెకిచ్చింది. ఏమీ అనుకోకుండానే తీసుకుంది, అదే నన్ను ఎక్కువ కాల్చింది. ఆనాటి నుంచి మా అత్త తవ్వేది, ఆమె తోడేది. కొమ్మ పెట్టడం కూడా ఆమే నేర్చుకుంది. నాకు కుండలు మోసే పని మిగిలింది. తేటనీళ్ళు ఊరేదాకా వాళ్ళిద్దరూ గట్టున కూర్చుని పేట సంగతులు చెప్పుకునేవాళ్ళు. నా జడ నేనే అల్లుకున్నాను.

ఆమె చెడ్డదైతే నాకు సుఖంగా ఉండేది. తిట్టుకుని పడుకునేదాన్ని. నాకు జ్వరమొస్తే నా తల దగ్గరే కూర్చుని గంజి తాగించింది. నా దుప్పటి మీద కూడా రాయి పెట్టింది, గాలికి ఎగిరిపోకుండా. ఏం చేయను అలాంటి మనిషిని?

రాజధాని హైదరాబాదుకు మారింది. బీరువాలూ, ఫైళ్ళూ లారీలెక్కాయి. గుడారాలు పీకేశారు. సముద్రమ్మ వాళ్ళూ సామాన్లు కట్టుకున్నారు. జట్కా ఎక్కే ముందు ఆమె మా అత్తను పట్టుకుని, వీధి చివరిదాకా వినపడేలా ఏడ్చింది. మా అత్త లోపలికి పోయి ఏదో తెచ్చి ఆమె చేతిలో పెట్టింది. చూస్తే చెలమ చిప్ప. వాడి వాడి నున్నగా నల్లబడిన కొబ్బరి చిప్ప. కొబ్బరిచెట్ల దేశపామెకు కొబ్బరి చిప్ప ఇస్తారా ఎవరైనా! ఆమె దాన్ని కళ్ళకద్దుకుని కొంగులో కట్టుకుంది. నేను లోపలికి వచ్చి, వాళ్ళు ఖాళీ చేసిన గదుల్లో కసువు ఊడ్చాను. మూల మూలా రాళ్ళే.

మరుసటి ఎండాకాలం. మళ్ళీ నేనూ, మా అత్త. కొత్త చిప్ప కొన్నాను. ఆమె తవ్వింది, నేను తోడాను. గట్టున కూర్చుని జడ విప్పుకుని ఎదురుచూశాను. అల్లింది కూడా. నాది నాకు తిరిగి వచ్చిందనుకున్నాను. కుండలు ఎత్తుకునే వేళకు తంగేడు కొమ్మ తెంపుకొచ్చి ఇచ్చాను.

మా అత్త కొమ్మ తీసుకోలేదు. వంగి రెండు చేతులతో ఇసుక లాగి చెలమ పూడ్చింది. అరచేతితో సాపు చేసింది.

"ఏంది అత్తా, ఊరిన నీళ్ళన్నీ పాయె గదా!"

"ఉండనీలేమ్మే. చీకట్లో ఎవురిదైనా కాలు పడితే ఇరుగుతాది. రేపు మళ్ళా తవ్వుకుందాం."

మా అత్త పోయేదాకా అంతే. ప్రతి సాయంత్రం పూడ్చేది, ప్రతి పొద్దూ కొత్తగా తవ్వేది. కాళ్ళ నొప్పులొచ్చాక తవ్వడం నా వంతైంది, పూడ్చడం మాత్రం ఆమే చేసేది. వీధి ఆడవాళ్ళు ముసలామెకు మతి తప్పిందన్నారు. నాకు తెలుసు, మతి తప్పలేదు. ఆ పని చేస్తున్నంతసేపూ ఆమె నాతో లేదు, అంతే. చివరికి నా చేతి నీళ్ళే తాగి నా ఒడిలోనే పోయింది. అందులో నాకే లోటూ లేదు. ఆ సాయంత్రాల లోటు మాత్రం ఉంది.

ఇదంతా బస్టాండు బల్ల మీద నా మనసులో తిరుగుతుంటే పక్కనామె ఇంకా చెబుతూనే ఉంది. హైదరాబాదు నుంచి సముద్రమ్మ వాళ్ళాయన పని మానుకుని పేటకు వచ్చేశారట. సముద్రమ్మ రోజూ సాయంత్రం ఇసుకలో కూర్చునేదట.

"ఒక్కటే వింతండీ ఆవిడతో. ఒడ్డున మంచినీళ్ళ గుంట తవ్వేవారు. ఒక నల్లటి పాత చిప్ప ఉండేది, దాంతో తోడేవారు. దాన్ని ఎవర్నీ ముట్టుకోనిచ్చేవారు కాదు. తవ్వింది పూడ్చకుండా, పైన సరుగుడు కొమ్మ పెట్టి వచ్చేసేవారండీ! మా పేటలో పూడ్చకపోతే ఊరుకుంటారా? జాలర్లు నానా తిట్లూ తిట్టేవారు. 'మా కర్నూలు అత్తయ్యగారి పద్ధతి ఇది, తిడితే తిట్టండి' అనేవారు. చివరికి వాళ్ళే అలవాటు పడ్డారండీ. కొమ్మ కనిపిస్తే పడవ పక్కనుంచి తీసుకెళ్ళేవారు."

ఒకామె ఇక్కడ పూడుస్తూ కూర్చుంది, ఇంకొకామె అక్కడ పూడ్చకుండా కూర్చుంది. ఒకరి సంగతి ఒకరికి తెలియనే లేదు.

"కర్నూలులో ఇంకెవరైనా ఉండేవాళ్ళని చెప్పిందా?" అన్నాను.

"ఆ, చెప్పేవారండీ. కుండలు మోసే అక్కాయ్ ఒకావిడ ఉండేవారట. నేను అప్పుడే పేటకి కాపురానికి కొత్తగా వచ్చానండీ. అత్తయ్యగారు, అత్తయ్యగారు అంటుంటే ఆవిడ సొంత అత్తగారే అనుకున్నాను చాన్నాళ్ళు."

"కాదు. ఆమెకు కోడలిని నేను," అన్నాను. గొంతు లేచింది. బస్టాండులో నలుగురు తిరిగి చూశారు.

రాయచోటి బస్సు వచ్చి ఆగింది. జనం తోసుకుంటున్నారు. ఆమె నా చేయి పట్టుకుంది. "అయితే మీరు చెప్పండి. ఆ అత్తయ్యగారు నిజంగా అలాగే చేసేవారా? పూడ్చకుండా కొమ్మ పెట్టి వచ్చేసేవారా? పేటకి ఉత్తరం రాసినప్పుడు రాస్తానండీ, అందరూ సంతోషిస్తారు."

చెబితే ఆ సాయంత్రానికే పేట మొత్తం ఇసుకలో కూర్చుని వింటుంది. పోయినామె పేరు చెప్పుకుని మా అత్తను ఇంకోసారి తమలో కలుపుకుంటుంది. వాళ్ళకు సముద్రం ఉంది. పడవలున్నాయి. చిప్ప కూడా అక్కడే ఉంది.

"ఆ, కొమ్మే పెట్టేది," అని బస్సెక్కాను. మా అత్త పూడ్చేదన్న సంగతి నాకొక్కదానికే తెలుసు. అది ఇవ్వను.